పరికల్పన: లెక్క కుదరడం కోసం పెట్టుకున్న ఊహ, లెక్కకు నిలబడాల్సిన ఊహగా ఎలా మారింది?

అడిగిన ప్రశ్న ఇది: న్యూటన్ "నేను పరికల్పనలు అల్లను" అని తెగేసి చెప్పాడు. మన హైస్కూలు పుస్తకాలేమో పరిశీలన, పరికల్పన, ప్రయోగం అంటూ, పరికల్పన లేకపోతే సైన్సే లేదన్నట్టు రాస్తాయి. ఇందులో ఎవరిది తప్పు?

ఎవరిదీ కాదు. 1543కీ 1713కీ మధ్య పరికల్పన, అంటే హైపోథీసిస్, అనే మాట చేసే పని మారింది. మొదట్లో అది ఖగోళ గణితంలో ఒక పనిముట్టు. అది నిజమా కాదా అని అడిగేవాళ్లు తక్కువ. చివరికొచ్చేసరికి అది కొలతల ముందు నిలబడాల్సిన వాదన అయింది, నిలబడకపోతే వదిలేయాల్సిందే. ఈ మార్పును నిర్వచనాల చరిత్రగా చదివితే ఏమీ అర్థం కాదు. ఒకే ఫలితం ఇచ్చే రెండు ఊహలు ఎదురైనప్పుడు ఎవరు ఏం చేశారో చూస్తే దారి దొరుకుతుంది.

అసలు చిక్కు రెండో శతాబ్దపు ఖగోళవేత్త టాలెమీ దగ్గరే ఉంది. వసంత విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) నుంచి వేసవి అయనాంతానికి 94½ రోజులు, అక్కణ్ణుంచి శరద్విషువత్తుకు 92½ రోజులు పడుతుందని ఆయన లెక్క. సూర్యుడు భూమి చుట్టూ సమవేగంతో వృత్తంలో తిరిగితే ఈ తేడా రాకూడదు. దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, వృత్తకేంద్రాన్ని భూమి నుంచి వ్యాసార్ధంలో 24వ వంతు పక్కకు జరపడం. రెండోది, భూమే కేంద్రంగా ఉన్న పెద్ద వృత్తం మీద, దాని వ్యాసార్ధంలో 24వ వంతు వ్యాసార్ధంతో ఒక చిన్న వృత్తాన్ని తిప్పడం. ఏ రోజుకు లెక్కగట్టినా రెండూ సూర్యుణ్ణి ఒకే చోట చూపిస్తాయి. టాలెమీ మొదటిదాన్ని ఎంచుకున్నాడు. కారణం, దానికి ఒక్క చలనం చాలు, రెండోదానికి రెండు కావాలి. ఏది నిజం అన్న మాట అక్కడ రానేలేదు. మందఫలం, శీఘ్రఫలం (గ్రహాల సగటు స్థానానికి చేసే సవరణలు) కట్టి పంచాంగం గుణించేవారికి ఈ ధోరణి కొత్తేమీ కాదు.

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ పుస్తకం 1543లో నురెంబర్గ్‌లో అచ్చయినప్పుడు, అచ్చుపని చూసిన ఆండ్రియాస్ ఓసియాండర్ తన పేరు పెట్టకుండా ముందు ఒక మాట చేర్చాడు. ఈ పరికల్పనలు నిజం కానక్కర్లేదు, నిజానికి దగ్గరగా కూడా ఉండక్కర్లేదు, పరిశీలనలతో కుదిరే లెక్కనిస్తే చాలు అన్నది దాని సారం. పిరికితనంతో అలా రాశాడని చాలామంది కొట్టిపారేస్తారు గానీ, ఆయన చూపించిన ఉదాహరణ గట్టిదే. శుక్రుడి చిన్న వృత్తం నిజంగా ఉంటే, ఆ గ్రహం దగ్గరికొచ్చినప్పుడు దూరంగా ఉన్నప్పటికంటే నాలుగు రెట్లకు మించిన వ్యాసంతో కనిపించాలి. కంటికి అలా కనిపించదు. అయినా లెక్క కుదురుతోంది కదా అన్నది ఆయన వాదం. లోపలి పాఠంలో కోపర్నికస్ మాత్రం భూమి నిజంగానే తిరుగుతోందన్న నమ్మకంతో రాశాడు. ఆయన మిత్రుడు టీడెమాన్ గీసె ఈ ముందుమాట చూసి మండిపడి నురెంబర్గ్ నగర సభకు ఫిర్యాదు చేశాడు. ఆ మాటలు ఓసియాండర్‌వని 1609లో అచ్చులో బయటపెట్టినవాడు కెప్లర్.

ఈ కథలో అందరికంటే పెద్ద మలుపు కెప్లర్‌దేనని నా అభిప్రాయం. ఉర్సుస్ అనే ఖగోళవేత్త 1597లో, పరికల్పనలన్నీ కల్పితాలేనని వాదిస్తూ పుస్తకం వేశాడు. గ్రహాల స్థానాలను ఎంతో కచ్చితంగా కొలిచిన టైకో బ్రాహీ కోరిక మీద కెప్లర్ 1600 ప్రాంతంలో దానికి జవాబు రాశాడు. అది 19వ శతాబ్దం దాకా అచ్చుకు నోచుకోలేదు. రెండు ఊహలు ఒక లెక్కలో ఒకే జవాబు ఇవ్వవచ్చు గాని, వాటిని పక్క విషయాలకు తగిలించి చూస్తే తప్పుడుది ఎక్కడో ఒకచోట దొరికిపోతుంది అన్నది ఆ జవాబు సారం. తర్వాత అంగారకుడి మీద తానే ఆ పని చేసి చూపించాడు.

కాస్త ఓపిగ్గా చూడాల్సిన చోటు ఇది. అంగారకుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చిన సందర్భాలు కెప్లర్ దగ్గర 12 ఉన్నాయి: టైకోవి పది, తనవి రెండు. అందులో నాలుగింటితో ఒక వృత్త కక్ష్య కట్టాడు. సూటిగా తేలే సమీకరణం లేదు కాబట్టి అంచనా వేయడం, సరిచూడడం, మళ్లీ సవరించడం. కనీసం 70 సార్లు చేశానని, విసుగొస్తే తన మీద జాలిపడమని పాఠకుణ్ణి అడుగుతాడు. కక్ష్య వ్యాసార్ధం 1 అనుకుంటే, సూర్యుడి నుంచి కక్ష్యాకేంద్రం 0.11332 దూరంలో, అక్కణ్ణుంచి సమవేగ బిందువు (అక్కణ్ణుంచి చూస్తే గ్రహం సమవేగంతో తిరుగుతున్నట్టుండే చోటు) మరో 0.07232 దూరంలో తేలాయి. మొత్తం 12 సందర్భాల్లోనూ రేఖాంశం (రాశిచక్రం వెంట గ్రహం స్థానం) 2 కళల లోపు తేడాతో సరిపోయింది (కళ అంటే డిగ్రీలో 60వ వంతు). అంతకంటే బాగా కుదిరిన లెక్క అప్పటిదాకా లేదు. ఓసియాండర్ అయితే అక్కడితో పుస్తకం మూసేసేవాడు.

కెప్లర్ అదే గ్రహపు అక్షాంశాలు (రాశిచక్రానికి పైకో కిందికో ఎంత జరిగిందన్నది) తీసి, వాటి నుంచి దూరాలు కట్టాడు. సూర్యుడికీ కక్ష్యాకేంద్రానికీ మధ్య 0.08000 నుంచి 0.09943 లోపే ఉండాలని తేలింది. 0.11332 ఆ హద్దుల్లో లేదు. పోనీ అని మొత్తం 0.18564ని సగానికి విడగొడితే ఒక్కో ముక్క 0.09282. దూరాలు కుదిరాయి, కానీ ఈసారి రేఖాంశంలో 8 కళల దాకా తప్పు వచ్చింది. ఎనిమిది కళలంటే నిండు చంద్రుడి వెడల్పులో సుమారు నాలుగో వంతు. టాలెమీ కాలంలో పది కళల తప్పు ఎవరికీ పట్టేది కాదు. టైకో కొలతలు అంత తప్పు పోయేవి కావు. ఈ ఎనిమిది కళలే ఖగోళశాస్త్రం మొత్తాన్ని తిరగరాయడానికి దారి చూపాయని కెప్లర్ రాశాడు. వృత్తం పోయి దీర్ఘవృత్తం వచ్చింది. తప్పుడు పరికల్పన సరైన ఫలితం ఎందుకు ఇస్తుంది, ఎంతవరకు ఇస్తుంది అన్నదానికే 1609లో వేసిన తన పుస్తకంలో 21వ అధ్యాయం కేటాయించాడు. దీన్ని చదవకుండా కెప్లర్ మూడు నియమాలు మాత్రమే బట్టీపట్టడం మన చదువుల్లో పెద్ద లోటు.

గెలీలియో వ్యవహారంలో మాట రాజకీయం అయింది. 1615 ఏప్రిల్‌లో కార్డినల్ బెలార్మినో, కోపర్నికస్‌ను సమర్థించిన ఫోస్కరీని అనే మతగురువుకు రాసిన ఉత్తరంలో, భూచలనాన్ని ఖాయమైన సత్యంగా చెప్పకుండా "అనుకున్న మాట"గా చెబితే ఇబ్బంది లేదన్నాడు. 1616లో చర్చి కోపర్నికస్ పుస్తకాన్ని సవరించేదాకా నిలిపేసింది. 1620లో వచ్చిన సవరణల్లో ఒకటి చూడండి: మొదటి భాగం 11వ అధ్యాయం శీర్షిక "భూమి మూడు చలనాల నిరూపణ" అని ఉండేది, దాన్ని "భూమి మూడు చలనాల పరికల్పన, దాని నిరూపణ" అని మార్చమన్నారు. ఒక్క మాట చేర్చి పుస్తకం కోరలు పీకేశారన్నమాట.

అంతకు ముందే, 1610 చివర్లో, గెలీలియో దూరదర్శినిలో శుక్రుడి కళలు (చంద్రుడిలా పెరిగి తరిగే ఆకారాలు) కనిపించాయి, పరిమాణం కూడా బాగా మారుతోంది. ఓసియాండర్ అసాధ్యం అనుకున్నది అద్దంలో కనబడింది. టాలెమీ అమరిక దెబ్బతింది. కానీ ఇక్కడ తొందరపడి "కోపర్నికస్ నిరూపితమయ్యాడు" అని రాసేవాళ్లు చాలామంది. గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరిగే టైకో అమరికలోనూ శుక్రుడికి సరిగ్గా అవే కళలు వస్తాయి. ఒక ఊహ పోయింది, రెండు మిగిలాయి.

ఊహను కూల్చినంత తేలిగ్గా నిరూపించలేం అన్న ఈ అసమానతను సూటిగా చెప్పినవాడు పాస్కల్. 1647 అక్టోబరులో నోయెల్ అనే జెసూట్ (ఒక క్యాథలిక్ సంఘం) గురువుకు రాసిన ఉత్తరంలో మూడు రకాలు విడగొట్టాడు. ఊహను కాదంటే అసంబద్ధత వస్తే అది నిజం, ఔనంటే అసంబద్ధత వస్తే అబద్ధం, ఏదీ రాకపోతే సందేహంలోనే ఉంటుంది. కనిపించేవన్నీ ఆ ఊహ నుంచి వచ్చినంత మాత్రాన అది నిజం కాదు, కనిపించేవాటిలో ఒక్కటి దానికి ఎదురుతిరిగితే మాత్రం అది అబద్ధమే.

మరుసటి ఏడాది దీన్ని కొండెక్కించాడు. ఒక కొన మూసిన గాజు గొట్టాన్ని పాదరసంతో నింపి పాదరసపు గిన్నెలో తలకిందులుగా నిలబెడితే, అది కొంత దిగి ఆగిపోతుంది. దాన్ని అలా నిలబెడుతున్నది గాలి బరువా, లేక శూన్యమంటే ప్రకృతికి ఉన్న భయమా? గదిలో రెండు ఊహలూ ఒకే జవాబు ఇస్తాయి. గాలి బరువైతే కొండ మీద పాదరసం దిగాలి. భయమైతే కొండ మీదా కింద ఒకేలా ఉండాలి. 1648 సెప్టెంబరు 19న బావగారు పెరియే పూయి-ద-దోమ్ ఎక్కాడు. కింద క్లెర్మోన్‌లో పాదరసం 26 అంగుళాల 3½ లైన్లు, దాదాపు 500 తుఆజుల ఎత్తున శిఖరం మీద 23 అంగుళాల 2 లైన్లు (ఫ్రెంచి కొలతలు, అంగుళానికి 12 లైన్లు, తుఆజుకు 6 అడుగులు). మన లెక్కలో సుమారు 712, 627 మిల్లీమీటర్లు. తేడా ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, అనుమానానికి తావులేనంత.

ఆ ప్రయోగంలో అసలు తెలివి ఇంకోటుంది. రెండో గొట్టాన్ని కింద మఠం తోటలోనే వదిలి, రోజంతా దాన్ని కనిపెట్టుకుని ఉండమని ఒక సన్యాసికి అప్పగించారు. అది కదల్లేదు. ఆ గొట్టం లేకపోతే, పైకెక్కేలోపు వాతావరణం మారి పాదరసం దిగిందేమో అని ఎవరైనా అనవచ్చు. శిఖరం మీద కూడా చోటు మార్చి మార్చి ఐదుసార్లు కొలిచారు, గుడి లోపల, ఆరుబయట, గాలిలో, మంచులో.

దెకార్త్ దారి వేరు. 1644 పుస్తకంలో, బయటికి ఒకేలా సమయం చూపే రెండు గడియారాల లోపలి యంత్రాలు పూర్తిగా వేరై ఉండవచ్చని ఒప్పుకున్నాడు. కానీ గూఢలిపిలో రాసిన ఉత్తరం ఒక తాళంతో ఆసాంతం అర్థవంతంగా చదవడానికి వస్తే, ఆ తాళం యాదృచ్ఛికం అని ఎవరూ అనరన్నాడు. వాదన బాగానే ఉంది. ఇబ్బందల్లా ఆయన సుడిగుండాల (గ్రహాలను తిప్పుతున్నాయని ఆయన ఊహించిన, కంటికి కనిపించని పదార్థపు సుడులు) నుంచి కొలిచి చూడదగ్గ అంకె ఏదీ రాకపోవడమే. బేకన్ 1620లో తొందరపాటు ఊహల మీద గట్టి హెచ్చరికలు చేశాడు గాని, ఒక ఊహను ఎలా పరీక్షించాలన్న విషయంలో పాస్కల్ ఉత్తరం నాలుగు పేరాలు ఎక్కువ పనికొస్తాయి.

ఇక బాయిల్, గాలి బిగువే (నొక్కితే తిరిగి నెట్టే గుణం) పాదరసాన్ని నిలబెడుతోందన్నవాడు. ఇంగ్లండులో లైనస్ అనే జెసూట్ 1661లో, గాలికి అంత బిగువు లేదు, గొట్టం పైభాగంలో కంటికి కనిపించని ఒక దారం పాదరసాన్ని పైకి లాగి పట్టుకుంటోంది అన్నాడు. నవ్వుకోవాల్సిన మాట కాదిది. రెండు వైపులా తెరిచిన గొట్టం పైకొనను వేలితో మూసి ప్రయోగం చేస్తే, వేలు లోపలికి లాగినట్టు నిజంగానే తెలుస్తుంది. గాలి బిగువు 29 అంగుళాల పాదరసాన్ని మోయగలదా అన్నది వివాదం. 1662లో బాయిల్ దాన్ని తిప్పి, ఎంత మోయగలదో చూద్దాం అన్నాడు.

పనిముట్టు జె ఆకారపు గాజు గొట్టం. పొట్టి కాలు పైన మూసి ఉంటుంది, పొడుగు కాలు తెరిచి ఉంటుంది. రెండింటికీ అంగుళాలు, అందులో ఎనిమిదో వంతులు గీసిన కాగితపు పట్టీలు అంటించారు. గదిలో పట్టనంత పొడుగు కాబట్టి మెట్ల మీద నిలబెట్టారు. కింది వంపు చుట్టూ చెక్కపెట్టె, ఒలికిన పాదరసం పోకుండా. గొట్టం పగలడమూ జరిగింది. పైన ఒకరు కొంచెం కొంచెంగా పాదరసం పోయాలి, కింద ఒకరు పొట్టి కాలులో గాలి ఎంతకు కుంచించుకుందో చదవాలి. ఒక్కసారిగా పోస్తే బుడగ దూరుతుంది. లోపలి బోలు సమంగా లేని గొట్టమైతే పొడవు కొలిచి ఘనపరిమాణం అనుకోవడం కుదరదు. చెయ్యి వేసి వేడిచేసినా అంకె కదులుతుంది.

ఫలితాల పట్టికలో చివరి నిలువు వరుస చూడండి. దాని తలకట్టు, ఒత్తిడీ వ్యాప్తీ (గాలి ఆక్రమించిన చోటు) విలోమానుపాతంలో ఉంటాయన్న "పరికల్పన ప్రకారం ఒత్తిడి ఎంత ఉండాలి" అని. దాని పక్క వరుసలో నిజంగా వచ్చిన అంకె. గాలి 12 అంగుళాలున్నప్పుడు ఒత్తిడి 29⅛ అంగుళాల పాదరసం. గాలి 6 అంగుళాలకు నలిగితే 58¼ ఉండాలి, వచ్చింది 58 13/16. మూడు అంగుళాలకు నలిగితే 116½ ఉండాలి, వచ్చింది 117 9/16. తేడా ఒక శాతం దగ్గర. ఇలాంటి సున్నితమైన ప్రయోగాల్లో అంతపాటి తేడా తప్పదన్నాడు, అన్నిచోట్లా ఖచ్చితంగా చెల్లుతుందని మాత్రం అప్పుడే తేల్చనన్నాడు. ఆ అనుపాతం ఆలోచన తనది కాదని, రిచర్డ్ టౌన్లీదని కూడా రాశాడు. ఊహకు ఒక వరుస, ప్రకృతికి ఒక వరుస, పక్కపక్కన. ఓసియాండర్ నుంచి ఎంత దూరం వచ్చామో ఈ రెండు వరుసల్లో కనిపిస్తుంది. దారం ఊహ నుంచి ఇలాంటి వరుస కట్టడం లైనస్‌కు చేతకాలేదు.

గాలికి ఆ బిగువు ఎందుకొచ్చింది అంటే బాయిల్ చెప్పలేదు. ఉన్ని కుచ్చులా కణాలు నలిగి లేస్తాయేమో, దెకార్త్ అన్నట్టు గిర్రున తిరుగుతాయేమో, తన పని బిగువు ఉందని చూపడమే అన్నాడు. ఆయన కాగితాల్లో మంచి పరికల్పనకు, మేలైన పరికల్పనకు లక్షణాలు రాసిన ఒక చిత్తు దొరికింది. మంచిదానికి అర్థం కావడం, తనలో తనకు వైరుధ్యం లేకపోవడం, విషయాన్ని వివరించడం చాలు. మేలైనది ఇకముందు జరగబోయేవాటిని, ముఖ్యంగా దాన్ని పరీక్షించడానికే పన్నిన ప్రయోగాల ఫలితాలను, ముందే చెప్పగలగాలి.

ఇప్పుడు న్యూటన్. 1672 ఫిబ్రవరిలో ఆయన రాయల్ సొసైటీకి పంపిన ఉత్తరంలోని అంకెలు మనమే సరిచూసుకోవచ్చు. కిటికీ తలుపుకు పావు అంగుళం రంధ్రం, దాని దగ్గర పట్టకం, 22 అడుగుల దూరంలో గోడ. సూర్యబింబం వెడల్పు 31 కళలు. 264 అంగుళాల దూరంలో ఆ కోణం దాదాపు 2.4 అంగుళాలు అవుతుంది, రంధ్రం పావు కలిపితే సుమారు 2⅝. గోడ మీద రంగుల పట్టీ వెడల్పు సరిగ్గా 2⅝ అంగుళాలు. అప్పటి వక్రీభవన నియమం ప్రకారం పొడవూ అంతే ఉండి గుండ్రంగా పడాలి. పడింది 13¼ అంగుళాలు, ఐదింతలు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. పట్టకం రెండు ముఖాల దగ్గరా వంపు సమానంగా ఉండేలా తిప్పి పెడితేనే "గుండ్రంగా పడాలి" అన్న మాట నిజం. ఏటవాలుగా పెడితే రంగుల సంగతి లేకుండానే బింబం సాగుతుంది. పార్డీ అనే ఫ్రెంచి గురువు మొదటి అభ్యంతరం ఇదే. న్యూటన్ పట్టకం పెట్టిన తీరు వివరించాక ఆయన ఆ మాట వెనక్కి తీసుకున్నాడు.

పార్డీ మరో మాటా అన్నాడు: మీ పరికల్పన చాలా తెలివైనది అని. న్యూటన్ దానికి నొచ్చుకున్నాడు. అసలు ఉత్తరంలోనే, నేను చెప్పేది పరికల్పన కాదు, ప్రయోగాల నుంచి కచ్చితంగా వచ్చే పర్యవసానం అని రాసుకున్నాడు. ఆ వాక్యాన్ని కార్యదర్శి ఓల్డెన్‌బర్గ్ అచ్చులో తీసేశాడు, అందుకే పత్రికలో చదివినవారికి అది కనిపించదు. పార్డీ క్షమాపణ చెప్పాడు, సొసైటీ సభ్యుడు రాబర్ట్ హుక్ చెప్పలేదు. ప్రయోగాలన్నీ ఒప్పుకుంటాను, కానీ కాంతిని స్పందనగా భావించే నా ఊహతోనూ ఇవే ఫలితాలు వస్తాయి అన్నాడు. మళ్లీ టాలెమీ నాటి చిక్కే. ఈ విషయంలో హుక్‌కు ఇవ్వాల్సినంత గౌరవం చరిత్ర ఇవ్వలేదని చెప్పాలి. వేర్వేరు కిరణాలు వేర్వేరుగా వంగుతాయని న్యూటన్ రెండో పట్టకం (మొదటిది విడదీసిన ఒక్క రంగునే మళ్లీ దానిలోంచి పంపాడు) తిరుగులేకుండా చూపింది. తెల్లని కాంతిలో ఆ రంగులు ముందు నుంచే విడివిడిగా ఉన్నాయన్నది అదొక్కదాని నుంచే తేలదు.

న్యూటన్ జవాబు, కాంతి కణమా తరంగమా అన్నది పక్కన పెట్టండి, నా సిద్ధాంతం దాని మీద ఆధారపడలేదు అని. 1675లో అదే న్యూటన్, ఊహ లేకపోతే మీకు అర్థం కాదంటున్నారు కాబట్టి ఇదిగో అన్నట్టు, ఈథర్‌తో (అంతటా నిండి ఉందనుకున్న సూక్ష్మ పదార్థం) కూడిన ఒక పరికల్పనను ఆ పేరుతోనే సొసైటీకి పంపాడు.

"అల్లను" అన్న వాక్యం చలనం, గురుత్వం మీద న్యూటన్ 1687లో వేసిన పుస్తకం ప్రిన్సిపియాలో లేదు. అది 1713 రెండో ముద్రణ చివర చేర్చినది. మొదటి ముద్రణ మూడో భాగం తొమ్మిది పరికల్పనలతో మొదలవుతుంది, ఆ పేరుతోనే! రెండో ముద్రణలో మొదటి రెండూ తర్కానికి నియమాలయ్యాయి. ఏ వస్తువైనా మరే వస్తువుగానైనా మారగలదన్న మూడోది ఎగిరిపోయింది. గురుడి చంద్రులు, గ్రహాల ఆవర్తన కాలాలు వగైరా చెప్పే చివరి ఐదు, శనిచంద్రుల మీద కొత్తగా చేరినదానితో కలిసి ఆరు "దృగ్విషయాలు" అయ్యాయి. నాలుగోది, విశ్వవ్యవస్థ కేంద్రం నిశ్చలంగా ఉందన్నది, పరికల్పన పేరుతోనే మిగిలింది, ఎందుకంటే దాన్ని ఏ కొలతా చూపించలేదు. ముద్రణ చూస్తున్న కోట్స్‌కు 1713లో న్యూటన్ తన అర్థం చెప్పాడు: దృగ్విషయం కాకుండా, దాని నుంచి రాబట్టినదీ కాకుండా, ప్రయోగపు రుజువు లేకుండా అనుకున్నదే పరికల్పన. గురుత్వం ఎంత అన్నది లెక్కలో ఉంది. అది ఎందుకు అన్నదానికి దెకార్త్ సుడిగుండాల్లాంటి కథ అల్లనన్నాడు, అంతే. కాబట్టి ఆ వాక్యాన్ని ఎవరైనా ఉటంకిస్తే ముందు ఏ ముద్రణ, ఏ విషయం గురించి అని అడగండి.

పాఠ్యపుస్తకంలో ఉన్నది న్యూటన్ పరికల్పన కన్నా హైగెన్స్ పరికల్పనకు దగ్గర. 1690లో కాంతి మీద రాసిన పుస్తకం ముందుమాటలో హైగెన్స్, ఇక్కడ రేఖాగణితమంత ఖాయం ఉండదని ఒప్పుకుంటూనే, పర్యవసానాలు చాలా ఉండి, అన్నీ కుదిరి, ముఖ్యంగా ముందే ఊహించిన కొత్తవి కూడా నిజమైతే, దాదాపు రుజువంత నమ్మకం వస్తుందన్నాడు. 1740లో ఎమిలీ ద్యు షాత్లే తన భౌతికశాస్త్ర పుస్తకంలో పరికల్పనలకు ఒక అధ్యాయమే ఇచ్చి, అంగీకరించడానికి ఒక ప్రయోగం చాలదు, తోసిపుచ్చడానికి ఒకటి చాలు అని రాసింది.

ఒకటి చాలు అన్నది చెప్పినంత తేలిక కాదు. హేలీ తోకచుక్క తిరిగి రావడాన్ని క్లేరో లెక్కగట్టాడు, లలాంద్, నికోల్-రేన్ లెపోత్ నెలల తరబడి గుణకారాలు చేసిపెట్టారు. గురుడి ఆకర్షణ వల్ల 518 రోజులు, శని వల్ల 100 రోజులు ఆలస్యం. 1759 ఏప్రిల్ మధ్యలో సూర్యుడికి అతి దగ్గరగా వస్తుంది, ఒక నెల అటూ ఇటూ కావచ్చు అని 1758 నవంబరులో ప్రకటించాడు. అది మార్చి 13న వచ్చింది. ఒక నెల తప్పు. తోకచుక్క ఒక చుట్టుకు పట్టే 76 ఏళ్లతో పోలిస్తే అది లెక్కలోకే రాదు, 618 రోజుల ఆలస్యంతో పోలిస్తే ఇరవయ్యో వంతు. ఆ తప్పును దేనితో భాగించాలన్న దాని మీదే క్లేరోకీ డాలంబేర్‌కీ పత్రికల్లో గొడవ జరిగింది.